పాలు మాన్పించిన జింకపిల్లలు డొక్కలు ఎగరేస్తున్నాయి, ముందు ఏం చేయాలి?

ఫాలోమంద

మావి పెంపకం ఫాలో జింకలు. ఈ ఈతలో పుట్టిన పిల్లలను తల్లుల నుంచి విడదీసి షెడ్డులోకి మార్చి వారం కూడా కాలేదు. నిన్న పొద్దున ఒక పిల్ల చనిపోయి ఉంది. ముందురోజు సాయంత్రం అది దాణా తొట్టి దగ్గరికి వచ్చింది, తిన్నట్టే అనిపించింది. ఇవాళ ఇంకో మూడు డొక్కలు ఎగరేస్తున్నాయి. వాటిలో ఒకటి మెడ ముందుకు చాచి, చెవులు వేలాడేసి నిలబడుతోంది. ముక్కు కారడం లేదు, దగ్గు కూడా పెద్దగా లేదు. మాకు దొరికే డాక్టరుగారికి ఆవులు, గొర్రెల వైద్యం బాగా తెలుసు కానీ జింకలను చూడటం ఇదే మొదటిసారట. ఆయన బయల్దేరారు. ఈలోపు మేం ఏం సిద్ధం చేసుకోవాలి, ఏ మందు అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

పశువైద్య_మిత్ర

మందు సంగతి తర్వాత మాట్లాడదాం. చనిపోయిన పిల్లను పాతిపెట్టారా? పెట్టకపోతే వెంటనే నీడలో, చల్లటి చోట ఉంచండి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే కణజాలం పాడైపోయి పరీక్షకు పనికిరాదు. నెమరు వేసే జంతువు పొట్టలో చచ్చాక కూడా పులియడం ఆగదు, ఆ వేడికి కళేబరం గంటల్లోనే చెడిపోతుంది. డాక్టరుగారు రాగానే ముందు దాన్ని కోసి చూడమనండి. బతికున్న మూడింటికి ఏం వేయాలో చాలావరకు ఆ ఊపిరితిత్తులే చెబుతాయి.

రెండోది, ఆ మూడింటినీ ఇప్పుడు పట్టుకోవడానికి ప్రయత్నించొద్దు. దూరం నుంచే పొట్ట కదలికలు చూసి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాయో లెక్కపెట్టి రాసిపెట్టండి. నోరు తెరిచి పీలుస్తున్నది ఏది, పడుకున్నా డొక్కలు ఎగరేస్తున్నది ఏది, నెమరు వేస్తున్నది ఏది అని గమనించండి. ఆరోగ్యంగా ఉన్న జింకను తరిమినా కండరాలు దెబ్బతిని, ఒంట్లో వేడి పెరిగి చనిపోవచ్చు. సగం ఊపిరితిత్తి పనిచేయని పిల్లకు ఆ పరుగే ఆఖరిది కావచ్చు.

గడ్డిపరక

డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. జింక జబ్బును దాచుకునే జంతువు. మనకు కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. అలాంటప్పుడు పరీక్షల కోసం కూర్చోకుండా మొత్తం పిల్లలన్నిటికీ పొడుగుకాలం పనిచేసే యాంటీబయాటిక్ ఒకేసారి వేసేస్తే పోదా? పశువుల్లో అలాగే చేస్తారు కదా.

పశువైద్య_మిత్ర

మీరన్నదాంట్లో సగం నిజం ఉంది. జబ్బుగా కనిపిస్తున్న పిల్లకు రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని నేను అనను. అలాంటి పిల్లకు ఈ రోజే వేయాలి. నా అభ్యంతరం మంద మొత్తానికీ వేయడం మీద. ఇది బాక్టీరియా న్యుమోనియా అయితే మీ పద్ధతికి అర్థం ఉంది. ఊపిరితిత్తుల పురుగు అయితే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ వేసినా ఆ పురుగు చావదు. వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరితే యాంటీబయాటిక్, నట్టల మందు రెండూ పనిచేయవు. అన్నిటినీ తరిమి పట్టి, తప్పు మందు వేసి, ఆ శ్రమతో ఇంకో రెండు పిల్లలను పోగొట్టుకున్న మందలను నేను చూశాను.

ఎర్రజింక_రైతు

దగ్గు లేదంటున్నారు కాబట్టి నాకు ముందు పురుగు మీదే అనుమానం వస్తోంది. ఆవుదూడకు ఊపిరితిత్తుల పురుగు పడితే ఖళ్లుఖళ్లుమని దగ్గుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. జింకపిల్లలో అంత దగ్గు ఉండదు. బొచ్చు గరుగ్గా మారడం, ఎదుగుదల ఆగడం, తరిమితే వెనకబడిపోవడం, ఇవే కనిపిస్తాయి. ఒక్కోసారి పురుగుల ఉండ గాలిగొట్టానికి అడ్డుపడి ఉన్నట్టుండి చనిపోతుంది.

జింకల్లో దీన్ని డిక్టియోకాలస్ ఎకెర్టీ అంటారు, ఆవుల్లో వచ్చేది డిక్టియోకాలస్ వివిపారస్. న్యూజిలాండ్‌లో ఎర్ర జింకలను పెంచేవాళ్లు పాలు మానిన పిల్లల్లో, మొదటి శరత్కాలంలో, అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తపడేది దీని గురించే. షెడ్డులోకి రాకముందు మీ పిల్లలు ఏ పచ్చికలో మేశాయి? ఏటా అదే పచ్చికలో పిల్లలను వదులుతున్నారా?

ఫాలోమంద

అవును, ఏటా అక్కడే. షెడ్డుకు దగ్గరగా ఉంటుందని, పిల్లలు కళ్ల ముందే ఉంటాయని. పిల్లను పాతిపెట్టలేదు, చల్లని గదిలో ఉంది. శ్వాస లెక్క రాస్తున్నాం. మెడ చాచి నిలబడిన పిల్ల పడుకున్నప్పుడు కూడా ఎగరేస్తోంది, నెమరు లేదు. మిగతా రెండూ పడుకుంటే కొంచెం తగ్గుతోంది.

ల్యాబ్_గది

నేను పశువ్యాధుల ల్యాబ్‌లో పనిచేస్తాను. మాకు వచ్చే నమూనాల్లో చాలావరకు చేరేసరికే పనికిరాకుండా పోతాయి. అది చూస్తే చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఆ నమూనా కోసం ఒక జంతువు పోయింది. కాబట్టి కోసేటప్పుడు మీ డాక్టరుగారి పక్కనే ఉండి ఇవి గుర్తుచేయండి.

గాలిగొట్టాన్ని పైనుంచి కిందిదాకా నిలువునా కోసి తెరవాలి, చిన్న శ్వాసనాళాల్లోకి కూడా వెళ్లాలి. తెల్లటి సన్నని దారాల్లాంటి పురుగులుంటే అక్కడే కనిపిస్తాయి, ఎక్కువగా ఊపిరితిత్తి వెనుక భాగంలో. ముందు, కింది భాగాలు ముదురు ఎరుపుగా, పట్టుకుంటే కాలేయంలా గట్టిగా ఉంటే బాక్టీరియా న్యుమోనియా, లేదా పాలు తప్పుదారిలో పోయిన న్యుమోనియా. అక్కడక్కడా చీముగడ్డలు, దుర్వాసన ఉంటే ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరమ్, ట్రూపెరెల్లా పయోజెనెస్ లాంటి బాక్టీరియా. ఊపిరితిత్తులు మొత్తం తడిగా, బరువుగా ఉండి గాలిగొట్టం నిండా నురగ ఉంటే అది వేరే కథ, అప్పుడు వైరస్ వైపు చూడాలి.

ఊపిరితిత్తి ముక్కలు రెండు రకాలుగా కావాలి. ఒకటి కల్చర్‌కు, అంటే బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు: ఐస్ మీద, గడ్డకట్టకుండా, మందు పడని జంతువు నుంచి. రెండోది ఫార్మలిన్‌లో: ఒక సెంటీమీటరు కన్నా మందంగా ఉండకూడదు, ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. మధ్యలో కోయకండి, బాగున్న భాగానికీ పాడైన భాగానికీ సరిహద్దు దగ్గర కోయండి. ఫ్యూసోబాక్టీరియం గాలి తగిలితే బతకదు. చీముగడ్డ తీస్తే గాలి చొరబడని రవాణా మాధ్యమంలో పెట్టి, "గాలి లేకుండా పెరిగే బాక్టీరియాకు కూడా కల్చర్ చేయండి" అని ఫారం మీద రాయాలి. రాయకపోతే చాలాచోట్ల మామూలు కల్చర్ మాత్రమే చేసి ఏమీ పెరగలేదని పంపేస్తారు.

బతికున్న పిల్లల తాజా పేడ కూడా పంపండి. బేర్‌మన్ పద్ధతిలో, అంటే పేడను నీటిలో ఉంచి వేరుచేస్తే, పురుగు లార్వాలు (పిల్లపురుగులు) బయటపడతాయి. మామూలు గుడ్ల పరీక్ష సరిపోదు.

పశువైద్య_మిత్ర

ల్యాబ్_గది గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక చేర్చాలి. ఊపిరితిత్తుల్లోనో గొంతు పక్క గ్రంథుల్లోనో చీముగడ్డలు కనిపిస్తే అవి మామూలు చీముగడ్డలే అని తేల్చేయకండి. జింకల్లో మైకోబాక్టీరియం బోవిస్ వల్ల వచ్చే క్షయ అచ్చం చీముగడ్డలాగే ఉండొచ్చు. అది మనుషులకు కూడా సోకుతుంది. చేతి తొడుగులు, మాస్కు లేకుండా ఎవరూ కోయొద్దు, పిల్లలనూ కుక్కలనూ దగ్గరికి రానివ్వొద్దు. అనుమానం వస్తే పశువైద్య అధికారులకు తప్పనిసరిగా చెప్పాలి.

పొలంగట్టు

నా దగ్గర టిల్మికోసిన్ అనే యాంటీబయాటిక్ సీసా ఉంది. పశువుల న్యుమోనియాకు బాగా పనిచేసింది. డార్ట్‌లో (తుపాకీతో పేల్చే సూదిలో) నింపి దూరం నుంచి కొడితే పట్టుకునే బాధే ఉండదు కదా?

పశువైద్య_మిత్ర

దయచేసి ఆ పని చేయకండి. టిల్మికోసిన్ పొరపాటున మనిషికి గుచ్చుకుంటే గుండె మీద పనిచేస్తుంది. దానికి విరుగుడు లేదు, మనుషులు చనిపోయిన ఘటనలు నమోదయ్యాయి. గురితప్పిన డార్ట్, పొదలో పడిపోయిన డార్ట్, ఒత్తిడి మీదున్న సిరంజి... ఆ మందును వీటిలో దేనిలోనూ పెట్టకూడదు. జింకలకు అంతకన్నా క్షేమమైన మందులు ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఎందుకు?

డార్ట్ ఆలోచన మాత్రం మంచిదే, సరైన మందుతో అయితే.

ఫాలోమంద

డాక్టరుగారు వచ్చి కోశారు. గాలిగొట్టంలో పురుగులు కనిపించాయి, కానీ కుప్పలుగా లేవు. ఊపిరితిత్తుల ముందు భాగం రెండువైపులా గట్టిపడింది, లోపల చిన్న చిన్న చీముగడ్డలు, భరించలేని వాసన. నోట్లో దవడ లోపలివైపు పుండు ఉంది. నమూనాలు మీరు చెప్పినట్టే పంపాం. అధికారులకూ ఫోన్ చేశాం. ఇప్పుడు చికిత్స సంగతి చెప్పండి. డాక్టరుగారు కూడా ఇక్కడే ఉండి చదువుతున్నారు.

పశువైద్య_మిత్ర

డాక్టరుగారికి నమస్కారం. మీరు చూసినదాన్ని బట్టి రెండూ కలిసి ఉన్నాయి: పురుగు ముందు దారి తెరిచింది, బాక్టీరియా వెనకాల వచ్చింది. నోటి పుండు మీద నాకు ఎక్కువ అనుమానం. ఫ్యూసోబాక్టీరియం పేడలో, బురదలో, జంతువు పొట్టలోనే ఉంటుంది. గరుకు గడ్డి, ముళ్లు నోటిలో గీసిన చోటు నుంచి లోపలికి పోతుంది. అక్కడి నుంచి దవడ వాపు, రక్తం ద్వారా కాలేయం, ఊపిరితిత్తులు. ఈమధ్య ముతక గడ్డి వేశారా?

మందుల గురించి నా అభిప్రాయం. ఇవేవీ చాలాచోట్ల జింకల కోసం అనుమతి పొందినవి కావు, కాబట్టి డాక్టరు రాసి, ఆయన బాధ్యతలోనే వాడాలి. టులాత్రోమైసిన్ పశువుల్లో కిలోకు 2.5 మిల్లీగ్రాములు, ఒకే సూది. ఊపిరితిత్తుల్లో రోజుల తరబడి నిలుస్తుంది, మళ్లీ పట్టుకునే పని లేదు. జింకల్లో నేను దానికి మొగ్గుచూపడానికి ప్రధాన కారణం ఇదే. ఫ్లోర్‌ఫెనికాల్ పశువుల్లో చర్మం కింద కిలోకు 40 మిల్లీగ్రాములు ఒకసారి, లేదా కండకు 20 చొప్పున 48 గంటల తేడాతో రెండుసార్లు. ఫ్యూసోబాక్టీరియంకు పెన్సిలిన్ కూడా మంచి మందే, కానీ పదేపదే పట్టి వేయాలి, జింకలో అదే పెద్ద చిక్కు. మైకోప్లాస్మా అనే బాక్టీరియా ఉందని తేలితే పెన్సిలిన్, సెఫ్టియోఫర్ పనికిరావు. దానికి కణగోడే లేదు, ఈ మందులు దెబ్బకొట్టేది ఆ గోడనే.

జ్వరం, నొప్పి తగ్గడానికి మెలోక్సికామ్ లాంటిది ఒకటి తోడుగా ఇస్తే పిల్ల తిండి వైపు త్వరగా తిరుగుతుంది. పిల్ల ఎండిపోయి ఉంటే ముందు ద్రవాలు, ఆ తర్వాతే ఇది. ఎండిన శరీరంలో మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక ఆ మెడ చాచిన పిల్ల. దానికి మత్తు ఇవ్వొద్దు. జైలజిన్ లాంటి మత్తుమందు శ్వాసను అణిచేస్తుంది, కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇరుకు దొడ్డిలోకి మెల్లగా నడిపించి, వెలుతురు తగ్గించి, కళ్లకు గుడ్డ కట్టి, దాని ఛాతీ నేలకు ఆనేలా కూర్చోబెట్టి ఇద్దరే పట్టుకోండి. పక్కకు పడుకోబెట్టొద్దు. సూదులు, ద్రవాలు, బరువు అంచనా అన్నీ ఆ ఒక్కసారిలోనే అయిపోవాలి. చల్లటి వేళలో చేయండి. పట్టుకున్నాక జ్వరం చూసినా దాన్ని పూర్తిగా నమ్మొద్దు. మామూలుగా 38.5 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, కానీ కాస్త పరిగెత్తినా పెరిగిపోతుంది.

గడ్డిపరక

ఇప్పుడు ఒప్పుకుంటారా, మిగతా పిల్లలన్నిటికీ కూడా వేయాలని?

పశువైద్య_మిత్ర

యాంటీబయాటిక్ అయితే ఇప్పటికీ కాదు. దగ్గరగా గమనించి, తిండి దగ్గర వెనకబడినదానికి ఆ రోజే వేస్తే చాలు. రెండు మూడు రోజుల్లో కొత్త కేసులు పెరుగుతుంటే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం. నట్టల మందు మాత్రం అన్నిటికీ వేయాల్సిందే, అన్నీ ఒకే పచ్చికలో మేశాయి కాబట్టి.

ఎర్రజింక_రైతు

నట్టల మందులో ఒక విషయం గట్టిగా చెప్పాలి. చాలా నట్టల మందులను జింక శరీరం ఆవు, గొర్రెల కన్నా త్వరగా బయటికి పంపేస్తుంది. ఆవు డోసు లెక్కేసి వేస్తే పురుగు సగం చచ్చి సగం మిగులుతుంది, ఆ మిగిలినవే మందుకు అలవాటుపడతాయి. వీపు మీద పోసే మందుల్లో కూడా జింకల్లో ఫలితం నిలకడగా ఉండదు. మేం ఇంజెక్షన్ మాక్సిడెక్టిన్‌కు తోడు నోటి ద్వారా తెల్లమందు (బెంజిమిడజోల్ రకం నట్టల మందు), రెండూ కలిపి వాడతాం. డోసు మా డాక్టరు జింకలకు తగ్గట్టు లెక్కేసి ఇస్తారు. మందు వేసిన కొన్నాళ్లకు మళ్లీ పేడ పరీక్ష చేయిస్తేనే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ఎక్కువ పురుగులున్న పిల్లకు మందు వేశాక ఒకట్రెండు రోజులు ఇబ్బంది పెరిగినట్టు కనిపించవచ్చు, చచ్చిన పురుగులు నాళాల్లోనే ఉంటాయి కదా. ఆ రోజుల్లో అసలు కదిలించొద్దు.

పచ్చిక సంగతి: పేడలో బయటపడిన లార్వా వెచ్చగా, తడిగా ఉంటే వారంలోనే సోకే దశకు వస్తుంది. పేడ మీద పెరిగే పైలోబోలస్ అనే బూజు పగిలినప్పుడు లార్వాలను దూరంగా విసురుతుంది, అందుకే పిల్లలు పేడ పక్కన మేయకపోయినా సోకుతుంది. ఏటా అదే పచ్చికలో కొత్త పిల్లలను వదలడమంటే దానికి తిండి పెట్టి పెంచడమే. మేం మధ్యలో గొర్రెలను మేపుతాం. జింక పురుగు గొర్రెలో నిలవదు కాబట్టి పచ్చిక శుభ్రపడుతుంది.

ల్యాబ్_గది

గొర్రెల విషయంలో కాస్త ఆగండి. గొర్రెల్లో ఏ లక్షణం లేకుండా ఉండే హెర్పిస్ వైరస్, ఓవైన్ హెర్పిస్ వైరస్ 2, జింకలకు సోకితే మాలిగ్నంట్ కెటారల్ ఫీవర్ వస్తుంది. అది వచ్చిన జింక దాదాపు బతకదు. పెర్ డేవిడ్ జింకలు దీనికి చాలా తేలిగ్గా లొంగిపోతాయి. ఫాలో జింకలు మిగతావాటితో పోలిస్తే బాగా తట్టుకుంటాయి కాబట్టి ఫాలోమంద గారికి ప్రమాదం తక్కువ. వేరే జాతుల వాళ్లు ఇది చదివి గొర్రెలను తోలుకొచ్చేముందు ఆలోచించుకోవాలి.

ఎర్రజింక_రైతు

నిజమే. ఎర్ర జింకల్లోనూ అది వస్తుంది, ముఖ్యంగా చలికాలంలో బలహీనపడ్డప్పుడు. మేం ఒకేసారి కలిపి మేపం, గొర్రెలు వెళ్లాకే జింకలు వస్తాయి. అది రాసి ఉండాల్సింది, మంచి మాట గుర్తుచేశారు.

కొత్తగా_వచ్చాను

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర తల్లి వదిలేసిన పిల్ల ఉంది, సీసాతో పాలు పడుతున్నాం. తాగేటప్పుడు ముక్కులోంచి పాలు వస్తున్నాయి. నిన్నటి నుంచి గురగురమని శబ్దం. ఇది కూడా ఇలాంటి న్యుమోనియానేనా?

సీసాపాలు

నేను తల్లిలేని పిల్లలను పెంచే పని చేస్తాను. ఇది వేరే రకం, కానీ అంతే ప్రమాదం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. ఇవాళే డాక్టరుకు చూపించండి, శబ్దం మొదలయ్యాక ఎదురుచూడొద్దు.

ఈలోపు పిల్లను ఒళ్లో వెల్లకిలా పెట్టి పట్టడం ఉంటే ఆపేయండి. అది తన కాళ్ల మీద నిలబడి, మెడ కాస్త ముందుకు చాచి తాగాలి, తల్లి దగ్గర తాగినట్టు. సీసాను తలకన్నా బాగా పైకెత్తొద్దు. నిపిల్ రంధ్రం చూడండి: సీసా తలకిందులు చేస్తే చుక్కలు పడాలి, ధార కట్టకూడదు. తాగించడం తొందరగా అయిపోవాలని రంధ్రం పెద్దది చేసేవాళ్లే ఎక్కువ. పీల్చే ఓపిక లేని పిల్ల నోట్లో పిచికారీతో పాలు కొట్టొద్దు. గొట్టం వేయడం తెలిసినవాళ్లు వేయాలి.

ముక్కులోంచి పాలు రావడం పుట్టినప్పటి నుంచీ ఉంటే నోరు తెరిచి అంగిలి చూడమనండి, అంగిలి చీలి ఉండొచ్చు. ఇంకోటి, ముర్రుపాలు తాగిందా? మొదటి రోజులో ఒంటి బరువులో పదోవంతు దాకా, అందులో ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే అందాలి. ఆ తర్వాత పేగు ఆ రక్షక పదార్థాలను లోపలికి తీసుకోదు. అవి అందని పిల్లను మీరు ఎంత జాగ్రత్తగా పెంచినా ఏ చిన్న జబ్బుకైనా పడిపోతుంది.

కొత్తగా_వచ్చాను

ముర్రుపాలు తాగిందో లేదో తెలియదు. రంధ్రం పెద్దదే. వెంటనే మారుస్తున్నాం, డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నాం. ధన్యవాదాలు.

ఫాలోమంద

మా సంగతి. మెడ చాచిన పిల్ల దక్కలేదు. మిగతా రెండూ తిండి దగ్గరికి వస్తున్నాయి, ఒకటి నెమరు వేస్తోంది. రిపోర్టు వచ్చింది: ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరమ్, దాంతో పాటు పాశ్చురెల్లా మల్టోసిడా. క్షయ లేదు. బేర్‌మన్‌లో బతికున్న పిల్లల పేడలోనూ లార్వాలు కనిపించాయి. ముతక గడ్డి సంగతి మీరు అడిగింది నిజం, షెడ్డులోకి మార్చినప్పుడే గడ్డి కూడా మారింది, ముళ్ల గింజలు ఉన్న గడ్డి. తీసేశాం.

షెడ్డు గురించి ఇంకేమైనా చెప్తారా? చలి అని అన్నివైపులా మూసేశాం.

సీసాపాలు

తలుపు మూసి ఉన్నప్పుడు లోపలికెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి. కళ్లు మండితే, ఘాటు వాసన తగిలితే పిల్లలు రాత్రంతా పీలుస్తున్నది అదే. నిలబడిన మనిషికి అది తెలియదు. కింద పొడి పరుపు వేసి, పైన గాలి బయటికి పోయేలా తెరవండి. పడుకున్న పిల్ల మీదికి నేరుగా గాలి కొట్టకూడదు, అంతే. పొడిగా ఉంటే జింకపిల్ల చలిని తట్టుకుంటుంది, తడిని, అమోనియాను తట్టుకోలేదు.

ఎర్రజింక_రైతు

నాదొక సూచన. వచ్చే ఏడు తల్లుల నుంచి విడదీసినప్పుడు నెమ్మదైన పెద్ద ఆడ జింకలను ఒకట్రెండు పిల్లలతోనే ఉంచండి. పిల్లలు కంచె వెంట పరుగులు తీయడం బాగా తగ్గుతుంది. కొత్త దాణా, కొత్త గడ్డి విడదీయకముందే అలవాటు చేయాలి. తల్లి దూరం కావడం, షెడ్డు, కొత్త తిండి అన్నీ ఒకే వారంలో పడితే ఎంత బలమైన పిల్లయినా కుంగిపోతుంది. ఆ పెద్ద జింకలకు కూడా ముందే నట్టల మందు వేయండి, వాటికి జబ్బు కనిపించకపోయినా లార్వాలను వదులుతూ ఉంటాయి.

గడ్డిపరక

ఫ్యూసోబాక్టీరియంకు టీకా లేదా?

పశువైద్య_మిత్ర

పశువుల కోసం తయారైనవి ఉన్నాయి, కొందరు జింకల్లోనూ వాడతారు. మీ మందలో దొరికిన బాక్టీరియాతోనే మీ మంద కోసం టీకా తయారుచేయించే పద్ధతి కూడా ఉంది. అందుకే ఆ కల్చర్‌ను పారేయకుండా దాచమని ల్యాబ్‌కు ఇప్పుడే చెప్పండి. నా అనుభవంలో టీకా కన్నా ముళ్ల గడ్డి తీసేయడం, తొట్లను పేడ పడని ఎత్తులో పెట్టడం ఎక్కువ పనిచేశాయి.

ఫాలోమంద

చెప్తాం. చివరి ప్రశ్న: కోలుకున్న ఆ రెంటినీ మందలో కలిపేయొచ్చా?

పశువైద్య_మిత్ర

ఇప్పుడు కూడా అవి ఒంటరిగా ఉండకూడదు, తోటి పిల్లలు కనిపించేలా పక్క దొడ్డిలో ఉంచండి. తిండి పూర్తిగా తిని, పడుకున్నప్పుడు ఊపిరి మామూలైతే కలపండి. ఊపిరితిత్తిలో చీముగడ్డలు మిగిలి ఉంటే కొన్ని వారాల తర్వాత కూడా మళ్లీ తిరగబెడుతుంది, బరువు చూస్తూ ఉండండి. మిగతావాటితో సమానంగా పెరగకపోతే లోపల గడ్డ ఉన్నట్టే అనుకోండి, మళ్లీ మళ్లీ సూదులు వేసి ప్రయోజనం ఉండదు.

రెంటికీ చెవి ట్యాగ్ నంబరు, వేసిన మందు, తేదీ రాసి డాక్టరుగారి సంతకంతో ఉంచండి. జింకలకు అనుమతి లేని మందు కాబట్టి మాంసానికి ఎన్నాళ్లు ఆగాలో సీసా మీద ఉన్న గడువు చెల్లదు, డాక్టరుగారే ఎక్కువ గడువు నిర్ణయించి రాయాలి. డార్ట్ వాడితే సూది లోపల విరగలేదని కూడా చూసి రాసుకోండి.